ఒక స్విచ్చిబోర్డు తేటగీతి: సటీకము, సతాత్పర్యము

అవతారిక

ముప్పై నాలుగేళ్లు పదో తరగతికి పద్యాలు చెప్పి రిటైరైన వాణ్ని ఒక జబ్బు వదిలిపెట్టదు. ఎదురుగా ఏం కనబడినా ప్రతిపదార్థం రాయబుద్ధవుతుంది. కిరాణా చీటీకి అన్వయం, కరెంటు బిల్లుకు తాత్పర్యం, మా ఆవిడ మౌనానికి విశేషాంశాలు. మొన్న ఏప్రిల్‌లో మాచర్లలోని మా ఇంట్లో హాలు బోర్డు మొరాయించింది. వైర్‌మన్ వచ్చాడు. స్టూలెక్కి మూత విప్పాడు. లోపలికి చూశాడు. తల తిప్పకుండానే ఒక్క మాట అడిగాడు. ఆ మాట చెవిన పడగానే నాకు పద్యం పుట్టింది. వాల్మీకికి శోకం శ్లోకమైంది, నాకు షాకు తేటగీతి అయింది.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలమ వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ పాఠకుడికి ముందే మాట ఇచ్చిన పెద్దమనిషి. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది నా వల్ల కాదు, ఎంతైనా మాస్టారి నోరు. ఆయన తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని గంభీరమైన పేర్లు పెట్టుకున్నాడు. ఇది రాసేటప్పుడు నా చొక్కా జేబులో ఉన్నది వైర్‌మన్ మరిచిపోయి వెళ్లిన టెస్టరు. కాబట్టి ఈ వ్యాఖ్య పేరు టెస్టరీయం.

మూలం

తే. స్విచ్చి నొక్కిన మాత్రాన వెలుగు రాదు
గోడ గుద్దిన దయతోడ కొంత వచ్చు
పైపు లోపల తీగలు పాముపుట్ట
ఎవరు చేసిరి సార్ దీని? యెవరు బాబు?

ఛందోవిచారం

ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. లెక్క సరిపోయింది. ఇంట్లో సరిపోని లెక్కలన్నీ పద్యంలోనైనా సరిపోవాలి గదా. మొదటి పాదంలో 'స్వి'కి 'వె'తో యతి ఎట్లా కుదిరిందని కుర్ర పండితుడెవరైనా లేచి అడగవచ్చు. 'స్వి' సంయుక్తాక్షరం, అందులో సకారంతోపాటు వకారం కూడా ఉంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకు యతి వేసినా చెల్లుతుందని లాక్షణికులు ఒప్పుకున్నారు. ఒక అక్షరంలో రెండు హల్లులు దూర్చితే అప్పకవి ఊరుకుంటాడు. ఒక స్క్రూ కింద మూడు తీగలు దూర్చితే ఓమ్ ఊరుకోడు. ఆ ఓమ్ ఎవరో రెండో పాదం దగ్గర చెబుతాను.

మొదటి పాదం

స్విచ్చి = తలుపు పక్క బోర్డులో ఎడమ నుంచి మూడవదైన మీటను; నొక్కిన మాత్రాన = అదిమినంత మాత్రము చేతనే; వెలుగు = దీపకాంతి; రాదు = కలుగదు.

ఇందులో ప్రాణపదం 'మాత్రాన'. నొక్కడం ఒక్కటే చాలదు, ఇంకా ఏదో చెయ్యాలి అని ధ్వని. ఆ ఏదో ఏమిటన్నది రెండో పాదంలో తేలుతుంది. కవి సస్పెన్సు పెట్టాడన్నమాట. (కవి నేనే కాబట్టి ఈ మెచ్చుకోలును చదువరులు సగానికి తగ్గించి తీసుకోవచ్చు.)

పూర్వపక్షం: తప్పు బల్బుది కావచ్చు గదా? సిద్ధాంతం: కాదు. ఆ బల్బునే విప్పి వంటింటి హోల్డరులో పెడితే పెళ్లికూతురిలా వెలిగింది. పూర్వపక్షం: కరెంటే లేదేమో? సిద్ధాంతం: అదీ కాదు. పక్క మీట నొక్కితే ఫ్యాను తిరుగుతోంది. పైగా మా మాచర్ల వాళ్లం కరెంటు పుట్టింటికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట కింద 110 మెగావాట్ల యంత్రం ఒకటీ, 100.8 మెగావాట్లవి ఏడూ ఉన్నాయి. మొత్తం దాదాపు 816 మెగావాట్లు. నిజమే, గ్రిడ్డులో పడ్డాక ఏ నీటి కరెంటు ఏ ఇంటికి పోతుందో బ్రహ్మకు కూడా తెలియదు. అయినా కృష్ణమ్మను ఆపి, యంత్రాలు తిప్పి, కొండల మీదుగా తీగలు లాగి, స్తంభాలు దాటించి, మీటరు దాకా క్షేమంగా తెచ్చిన వెలుగు చివరి అరంగుళం దగ్గర, ఒక బొడిపె మీట కింద, ఆగిపోయింది. మీటరు దాకా ప్రభుత్వం బాధ్యత, ఆ అరంగుళం మాది.

ఇక 'నొక్కిన' అనే మాట. స్విచ్చి లోపల ఒక చిన్న లోహపు నాలుకా, అది తాకవలసిన ఒక గడపా, వాటిని విసురుగా కలిపి విసురుగా విడదీసే స్ప్రింగూ ఉంటాయి. మనం వినే 'టప్' అనే చప్పుడు ఆ విసురుదే. దానికి వెనక ఒక మనిషి ఉన్నాడు. ఇంగ్లండులో న్యూకాజిల్ వాసి జాన్ హెన్రీ హోమ్స్ 1884లో ఈ విసురు స్విచ్చిని కనిపెట్టాడు. అంతకు ముందు స్విచ్చిలను చేత్తో మెల్లగా లాగితే, రెండు లోహాల మధ్య సందు విచ్చుకునేటప్పుడు నిప్పు మెరిసి, ఆ నిప్పే లోహాన్ని తినేసేది. ఎంత త్వరగా విడిపోతే అంత తక్కువ నిప్పు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతూ వందసార్లు సున్నాను తాకుతుంది. అందువల్ల ఆ నిప్పు తొందరగానే చస్తుంది. అయినా స్ప్రింగు అలిసిపోయిన స్విచ్చిలో ప్రతి నొక్కుకూ కాస్త నిప్పు మెరుస్తూనే ఉంటుంది, లోహం మీద నల్లని మసి పేరుకుంటూనే ఉంటుంది. మసి పేరిన చోట కరెంటు దాటదు.

మా మూడో మీట 'టప్' అనడం మాని చాలా కాలమైంది. నొక్కితే 'పుస్' అని, అయిష్టంగా, అల్లుడింటికి వెళ్లిన మామలా కూర్చునేది. చప్పుడు మారిన రోజే మార్చి ఉండవలసింది.

తాత్పర్యం: వెలుగు రాకపోవడానికి కారణం చీకటి కాదు.

రెండో పాదం

గోడ గుద్దిన = కుడ్యమును పిడికిట పొడిచినచో; దయతోడ = కనికరము చేత; కొంత వచ్చు = కించిత్తు కాంతి కలుగును.

జడమైన బోర్డుకు దయ ఉన్నట్టు ఊహించడం చేత ఇక్కడ ఉత్ప్రేక్ష అని నేను. కాదు, ఉన్నదున్నట్టు చెప్పినందుకు స్వభావోక్తి అని మా ఆవిడ. ఆవిడకు ఆ బోర్డుతో ఇరవై ఏళ్ల పరిచయం. ఎక్కడ, ఎంత ఎత్తున, ఎంత బలంగా గుద్దాలో ఆవిడకు తెలిసినట్టు నాకు తెలియదు. బంధువులొస్తే వాళ్ల ముందు గుద్దదు. మామూలుగా గోడకు ఆనుకున్నట్టు ఆనుకుని మోచేత్తో పని కానిస్తుంది.

గుద్దితే ఎందుకు వస్తుంది? స్క్రూ కింద తీగ వదులైంది. అదురుకు ఒక్క క్షణం తగులుతుంది, మళ్లీ జారుతుంది. అంతకు మించి మహత్తు ఏమీ లేదు. మరి గుద్దితే వస్తున్నప్పుడు మార్చడమెందుకన్నది మా ఇంట్లో ఇరవై ఏళ్లు నెగ్గిన పూర్వపక్షం. దానికి సిద్ధాంతం చెప్పడానికి ఓమ్ గారు కావాలి. జర్మనీలో గియోర్గ్ ఓమ్ అనే బడి పంతులు 1827లో పుస్తకం రాసి చెప్పిందేమిటంటే, కరెంటు పారే దారిలో ఇరుకు ఎంత ఉంటే ఒత్తిడి అంత అక్కడ ఖర్చవుతుంది అని. ఆ ఖర్చు వేడి రూపంలో తేలుతుందని తర్వాత జూల్ లెక్క కట్టాడు. కరెంటును దానితోనే హెచ్చవేసి, ఆ ఇరుకుతో మళ్లీ హెచ్చవేస్తే వేడి.

లెక్క చేద్దాం. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాని స్క్రూ వదులై అక్కడ అర ఓమ్ ఇరుకు ఏర్పడిందనుకోండి. అక్కడ పుట్టే వేడి దాదాపు 38 వాట్లు. రేడియో రిపేరు చేసేవాళ్లు సీసం కరిగించే ఐరన్ 25 వాట్లది. అంటే అంతకంటే వేడి సరుకును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గోడలో దాచి, మూత బిగించి, స్నానానికి వెళుతున్నామన్నమాట. అదే అర ఓమ్ ఇరుకు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దారిలో ఉంటే లెక్కకే రాదు. ఊరికే రెపరెపలాడి చూపిస్తుంది. బల్బు చెప్పిపోతుంది, గీజరు చెప్పకుండా కాలుస్తుంది. మా బోర్డులో ఆ రెండూ ఒకే తీగ మీద బతికేవి.

తాత్పర్యం: గుద్దుట చికిత్స కాదు, వాయిదా.

మూడో పాదం

పైపు లోపల = గోడయందు పూడ్చిన గొట్టపు గర్భమున; తీగలు = వైర్లు; పాముపుట్ట = సర్పనివాసము (అగుచున్నవి అని క్రియ తెచ్చుకోవాలి).

ఈ పాదమే ఈ పద్యానికి ఆయువుపట్టు. ఇక్కడ నిదానంగా నడవాలి.

ముందు గోడ సంగతి. మా ఇల్లు మా నాన్న 1976లో కట్టించాడు. పల్నాటి నాపరాళ్లను పేర్చి, పిడుగురాళ్ల సున్నంతో అతికి కట్టిన గోడలు. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఆ చల్లదనం విలువ చెప్పక్కర్లేదు. శ్రీనాథుడంతటి వాడు ఈ సీమకు వచ్చి జొన్నకూటి మీదా, నీళ్లు దొరక్కపోవడం మీదా విసుక్కుని చాటువులు చెప్పాడంటారు. అప్పటికి ఫ్యాను లేదు, ఉంటే ఇంకో చాటువు అదనంగా వచ్చి ఉండేది. ఆ గోడలకు ఒకటే చిక్కు. ఇటుక గోడలో గాడి కొట్టినట్టు నాపరాతిలో గాడి కొట్టలేం. ఉలి విరుగుతుంది, లేదా రాయి పొరలు పొరలుగా ఊడొస్తుంది. అందుకని మా నాన్న గోడ పైనే చెక్క బద్దలు కొట్టించి, వాటి మీద క్లిప్పులతో తీగలు పరిపించాడు. అందంగా ఉండేది కాదు. కానీ ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో నాలుగేళ్ల పిల్లవాడికీ కనబడేది.

తొంభైల్లో నాకు మోజు పుట్టింది. అందరిళ్లలోనూ వైరింగు గోడలోకి పోయింది, మాది మాత్రం బయట వేలాడుతోందని చిన్నతనంగా ఉండేది. రాయీ రాయీ అతుకు దగ్గర, సున్నం ఉన్న చోట, ఎట్లాగో ఒకే ఒక గాడి తీయించాను. అందులో ముప్పావు అంగుళం పైపు ఒకటి పట్టింది. రెండోది పట్టలేదు. బోర్డు డబ్బా కూడా రెండంగుళాల లోతుకు మించి దిగలేదు. ఆ రోజున హాల్లో ఉన్నవి రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ ప్లగ్గు. ఆ పైపుకు అవి హాయిగా సరిపోయాయి.

'లోపల' అనే మాటను ఇక్కడ ఆగి చూడాలి. శివరాత్రికి కోటప్పకొండకు వచ్చే విద్యుత్ ప్రభలు చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు వెదుళ్లతో ఆకాశమంత ఎత్తున కట్టి, దాని ఒళ్లంతా బల్బులు పొదిగి, జనరేటరు పెట్టి తిరునాళ్లకు తోలుకొస్తారు. ఎన్ని తీగలు, ఎన్ని అతుకులు! ఏ వరస ఆరిపోయినా ఒకడు కోతిలా ఎక్కి ఐదు నిమిషాల్లో అతికి దిగుతాడు. అక్కడ దాచిందేమీ లేదు. మా హాల్లో ఉన్న నాలుగు బల్బులకు మాత్రం నాలుగు రోజులు పట్టింది, కారణం 'లోపల'.

ఇక 'తీగలు'. బహువచనం గమనించండి. పైపు ఏకవచనం, తీగలు బహువచనం. వచనభేదమే వ్యాధి. పాత వైర్‌మన్లు తీగను 3/22 అనీ, 7/20 అనీ భిన్నంలా చెప్పేవారు. మొదటి అంకె పోగులు, రెండోది పోగు గేజీ. గేజీ అంకె పెరిగితే పోగు సన్నబడుతుంది. ఇది తెలియక నేను ఒకసారి కొట్టుకెళ్లి పెద్ద అంకెది ఇమ్మని దబాయించి సన్న తీగ తెచ్చుకున్నాను. ఇప్పుడు చదరపు మిల్లీమీటర్ల లెక్క వచ్చింది. లైట్లకు 1 గాని 1.5 గాని, పవరు ప్లగ్గులకు 2.5, ఏసీకి 4. అంకె పెరిగితే తీగ లావు. కలియుగంలో బాగుపడిన కొద్ది విషయాల్లో ఇదొకటి.

మా పైపులో ఇవన్నీ ఉన్నాయి. 1976 నాటి అల్యూమినియం తీగ ముక్కలు, తొంభైల నాటి రాగి తీగ, టీవీ కేబులు, అప్పట్లో వైభవంగా పెట్టించి ఇప్పుడు తీసేసిన టెలిఫోను తీగ కూడా. వైర్‌మన్ లాగి ఒక్కొక్కటీ చూపిస్తుంటే నాకు బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొచ్చింది. కులభేదం లేకుండా అందర్నీ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టిన మహానుభావుడు. అది మనుషులకు ధర్మం. తీగలకు అధర్మం. కరెంటు తీగా, టీవీ కేబులూ ఒక పైపులో కూడి పడుకోకూడదు. అల్యూమినియాన్నీ రాగినీ మెలిపెట్టి అతకకూడదు, చెమ్మ తగిలితే అతుకు తినేస్తుంది. అల్యూమినియం ఇంకో విధంగానూ మోసగత్తె. స్క్రూ కింద ఎంత బిగించినా ఏళ్లు గడిచేసరికి మెత్తగా జారి వదులవుతుంది, పైన తెల్లని తుప్పు పొర కట్టుకుంటుంది. రెండో పాదంలో గుద్దులు తిన్నది ఈ మోసగత్తే.

ఇరుకులో ఇంకో దోషం ఉంది. కరెంటు పారే తీగ వెచ్చబడుతుంది. చుట్టూ గాలి ఉంటే ఆ వేడి పోతుంది. పది తీగలు ఒకదాన్నొకటి కావలించుకుని పడుకుంటే ఎక్కడికి పోతుంది? అందుకే తీగల పట్టికలు రాసేవాళ్లు, ఒంటరిగా ఉన్న తీగకు ఇన్ని ఆంపియర్లనీ, గుంపులో ఉంటే అందులో కోత అనీ రాస్తారు. అమెరికా వాళ్ల నియమావళిలో పైపులో రెండు తీగలకు మించితే అవన్నీ కలిసి లోపలి జాగాలో 40 శాతం దాటకూడదు. మా పైపులో టెస్టరు మొన కూడా దూరలేదు.

ఒక వింత చెప్పి ముందుకు పోతాను. ఆ హాల్లోనే ఒక ఎల్‌ఈడీ బల్బు స్విచ్చి ఆపేసినా అర్ధరాత్రి మినుకుమినుకుమనేది. మనవరాలు దయ్యమంది. ఆ పిల్ల మాటలో కొంత నిజముంది. ఆపిన తీగ పక్కనే, ఒంటికి ఒళ్లు రాసుకుంటూ, బతికున్న తీగ పది మీటర్లు నడుస్తోంది. దాని ఊపిరి తగిలి ఆపిన తీగలోకీ అణుమాత్రం కరెంటు పాకుతుంది. పాత బల్బుకు అది ఏ మూలకూ చాలదు. ఎల్‌ఈడీ లోపలి కెపాసిటరు మాత్రం దాన్నే చుక్క చుక్కగా పోగేసి, నిండగానే ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది. న్యూట్రల్ తీగను తెంచేలా స్విచ్చి కలిపినా ఇట్లాగే అవుతుంది. మా ఇంట్లో రెండు కారణాలూ ఉన్నాయి.

చివరగా 'పాముపుట్ట'. అలంకారం రూపకం. కానీ ఇందులో ఒక వేదాంత వైపరీత్యం ఉంది. చీకట్లో తాడును చూసి పామనుకుని జడిసినవాడి కథను అద్వైతులు చెబుతారు. దీపం తెస్తే తాడే అని తెలుస్తుంది, భయం పోతుంది. మా బోర్డులో అది తిరగబడింది. ఎర్ర, పసుపు, నీలం తీగలు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు అని మన దేశంలో వాడుక. మా ఇంట్లో ఒకప్పుడు ఎర్ర తీగ చుట్ట అయిపోతే, మిగిలిన దారికి నల్ల తీగనే ఫేజుగా లాగారు. అది నల్లగా, సాధువుగా, తాడులా పడి ఉంది. మా వైర్‌మన్ దాన్ని ముట్టుకునే ముందు టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది. ఇక్కడ పామును చూసి తాడనుకోవడం ప్రమాదం, దీపం వెలిగితే భయం మొదలు.

పచ్చ తీగ కథ ఇంకా చిత్రం. ఉంది. బోర్డు నుంచి బయల్దేరి పెరట్లో కుళాయి గొట్టం దాకా వెళ్లి, దానికి మూడు చుట్లు చుట్టి ఉంది. ఆ కాలంలో ఇనప గొట్టం భూమిలో దూరం పోయేది కాబట్టి, ఎర్తు గుంట తవ్వడానికి రాయి అడ్డం కాబట్టి, అదే ఎర్తు అన్నారు. పదేళ్ల కిందట నేను ఆ గొట్టం తుప్పు పట్టిందని తీయించి ప్లాస్టిక్ గొట్టం వేయించాను. పని చేసినవాడు బాధ్యత గల మనిషి. తీగను విప్పి, కొత్త ప్లాస్టిక్ గొట్టానికి మళ్లీ అంతే శ్రద్ధగా మూడు చుట్లు చుట్టి వెళ్లాడు. పదేళ్లుగా మా ఇంటి ఎర్తు ప్లాస్టిక్‌కు కట్టి ఉంది.

నాలుగో పాదం

ఎవరు = ఏ మహానుభావుడు; చేసిరి = ఒనర్చెను (గౌరవార్థక బహువచనము, వ్యంగ్యము); సార్ = ఓ గృహయజమానీ; దీని = దీనిని; యెవరు బాబు = చెప్పుము నాయనా, ఎవరు.

ఇది వైర్‌మన్ నోటి మాట, నేను ఛందస్సులో పెట్టానంతే. పాఠాంతరాలున్నాయి. నరసరావుపేట ప్రతిలో 'ఎవరండీ చేసింది?' అని మర్యాద పాఠం. గురజాల ప్రతిలో 'ఏందయ్యా, ఎవురు చేశారిది?' అని. మా ఇంట వినబడిన అసలు పాఠం, 'ఎవురు చేశారు మాస్టారూ దీన్ని, వాడి చేతులు పడ'. చివరి మూడు మాటలు గణాల్లో ఇమడక వదిలేశాను.

ప్రపంచంలో ఏ ఊరి వైర్‌మనైనా మూత విప్పగానే ముందుగా అడిగేది ఇదే. తనకు ముందు పనిచేసిన వాణ్ని మెచ్చుకున్న వైర్‌మన్‌ను నేనింతవరకు చూడలేదు. వ్యాఖ్యాతలూ అంతే అనుకోండి.

తప్పు ఎవరిదన్న ప్రశ్న పల్నాటికి కొత్త కాదు. కోడిపందెంతో మొదలై కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున తేలిన యుద్ధానికి కారణం బ్రహ్మనాయుడా, నాయకురాలు నాగమ్మా అన్నది ఎనిమిది వందల ఏళ్లకు పైగా తెగలేదు. కారెంపూడిలో వీరుల గుడి కట్టి ఏటా ఉత్సవం చేసుకుంటున్నాం గాని తీర్పు చెప్పలేదు. మా బోర్డు విషయంలో మాత్రం తీర్పు పావుగంటలో తేలింది. అతను ఒక్కో తీగా లాగుతూ 'ఇదెందుకు?' అని అడుగుతున్నాడు, నేను జవాబు చెబుతున్నాను.

ఇది? మా పెద్దాడి చదువుకు టేబులు లైటు. ఇది? కూలరు, ఎండలు పెరిగిన ఏడాది. ఇది? ఫ్రిజ్జి, వంటింట్లో జాగా లేక హాల్లో పెట్టాం. ఇది? గీజరు, బాత్రూము హాలు గోడకు అవతలే గదా అని ఇక్కడి నుంచే. ఇది? ఇన్వర్టరు. ఇది? కోడలు పురిటికొచ్చినప్పుడు ఏసీ. ఎంసీబీ పడిపోతోందంటే? 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టించాను, ఇక పడలేదు. ఎవురు పెట్టమన్నారు మాస్టారూ? నేనే నాయనా.

ఇక్కడ అతను టెస్టరు కింద పెట్టి నా వంక చూశాడు. "ఎంసీబీ తీగను కాపాడేదానికి మాస్టారూ, ఏసీని కాపాడేదానికి కాదు. తీగ ఎంత మోస్తదో దానికి తగ్గది పెట్టాల. అది పడ్డదంటే 'చాలు, నేనింక మొయ్యలేను' అన్నట్టు. మీరు దాని నోరు మూశారు."

ముప్పై నాలుగేళ్లలో అంత తేటైన తాత్పర్యం ఏ గైడులోనూ చదవలేదు. ఆ పైపును ఇరుకు చేసిన చేయి ఏ పాత వైర్‌మన్‌దీ కాదు. ముప్పావు అంగుళం పైపుకు తగ్గట్టే వాళ్లు నాలుగు తీగలు లాగి వెళ్లారు. అటు తర్వాత వచ్చిన ప్రతివాడితోనూ 'గోడ పగలగొట్టకు బాబూ, ఉన్న దాంట్లోనే ఒకటి దూర్చు' అన్నది నేను. ప్రతిసారీ స్విచ్చి మార్పించాను, మూత మార్పించాను, మొన్నటికి మొన్న తెల్లని మాడ్యులర్ పలక కూడా వేయించాను. లోపలికి చూడలేదు. కర్తృవాచకం తెలిసింది కాబట్టి 'చేసిరి' అన్న బహువచనాన్ని ఇకనుంచి ఏకవచనంగా చదువుకోవచ్చు.

జరిగిన చికిత్స

కాలిక్యులేటరు పట్టుకుని ఖర్చు అడిగాను. అతను గోడ కొట్టనన్నాడు. నాపరాతి గోడలో రెండో గాడి తీయడమంటే ఇల్లు విప్పి మళ్లీ కట్టడమేనట. గోడ మీదే తెల్లని ప్లాస్టిక్ కేసింగు పరిచి గీజరుకొకటి, ఏసీకొకటి వేరే దారులు వేశాడు. పాత పైపులో లైట్లూ ఫ్యాన్లూ మాత్రమే మిగిల్చాడు. అల్యూమినియం ముక్కలు లాగేసి రాగి వేశాడు. ఒక స్క్రూ కింద ఒకటీ, మహా అయితే రెండు. రెండంగుళాల డబ్బా తీసి, గోడ పైకి ఉబికినా సరే అని లోతైన డబ్బా బిగించాడు. మా ఆవిడ ఆ ఉబుకు చూసి ముఖం చిట్లించింది గాని, మోచేయి వాడాల్సిన పని తప్పిందని సర్దుకుంది. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా కరెంటు కోసేసే ఆర్‌సీసీబీ మీటరు పక్కన పెట్టాడు. ఎర్తు కోసం పెరట్లో తవ్వితే మూడడుగులకే రాయి తగిలింది. గడ్డపారతో ఇద్దరు మనుషులు రెండు రోజులు కొట్టి గొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోశారు. వేసవిలో దానికి రోజూ చెంబెడు నీళ్లు పొయ్యమని చెప్పి వెళ్లాడు. తులసికోటకు పోసినప్పుడే దానికీ పోస్తున్నాను.

మా నాన్న కొట్టించిన చెక్క బద్దలు గుర్తొచ్చాయి. తీగలు మళ్లీ గోడ పైకి వచ్చేశాయి.

గద్య

ఇది శ్రీ మాచర్ల చెన్నకేశవ చరణ సేవక, నాపరాతి గోడల గృహమేధి, విశ్రాంతాంధ్రోపాధ్యాయ ప్రణీతంబైన స్విచ్చిబోర్డు తేటగీతికిఁ దానే రచించిన టెస్టరీయ వ్యాఖ్యయందు సర్వంబును ప్రథమాశ్వాసంబు. ద్వితీయాశ్వాసం వంటిల్లు, ఇంకా విప్పలేదు.

చదువరులకు ఒక్క మనవి. ఈ రాత్రి మీ ఇంట్లో గీజరు ఆపగానే, తడి లేని వేలితో దాని స్విచ్చి ముఖాన్ని తాకి చూడండి. వెచ్చగా తగిలితే మెయిన్ దించేసి, పొద్దున్నే వైర్‌మన్‌కు ఫోను చేయండి. ఆయన వచ్చి, మూత విప్పి, ఎవరు చేశారని అడిగితే మీ పేరు చెప్పండి.